పాత మిద్దెను ముక్కలు చేసి అమ్ముకోవద్దు

బెంగళూరు చుట్టుపక్కల ఈమధ్య లేస్తున్న విల్లాల్లో, వీకెండ్ రిసార్టుల్లో మా రాయలసీమ తలుపులు కనిపిస్తున్నాయి. రెండు రెక్కల టేకు తలుపు, చుట్టూ చెక్కడం పనితో ద్వారబంధం, రెక్కల మీద వరసగా ఇత్తడి పూలు, పైన గజలక్ష్మి. కొన్నిటికి గడప మీద పసుపు మరక కూడా ఇంకా పోలేదు. ఆ తలుపు దాటి లోపలికి పోతే మాత్రం ఫాల్స్ సీలింగు, ఏసీ, మెరిసే టైల్సు. కడప జిల్లా నుంచి తెప్పించామని ఇంటివాళ్లు గర్వంగా చెబుతారు. తలుపు బాగుంది, కాదనను. కానీ ఆ తలుపు నిలబడిన గోడ ఏమైంది? ఆ గోడ మోసిన దూలాలు, ఆ దూలాల కింద పడుకున్న పడసాల (ఇంటి హాలు) ఏమయ్యాయి? ఎక్కడో ఒక పల్లెలో రాళ్లకుప్పగా పడివుంటాయి, దాని మీద కంపచెట్లు మొలిచి ఉంటాయి.

పాత ఇళ్ల మీద, మట్టి పరిచిన చదును కప్పుతో ఉండే మా మిద్దెల మీద, మోజు పెరిగిందని సంతోషపడే ముందు ఈ సంగతి చూడాలి. మోజు ఇంటి మీద కాదు, ఇంటి ముక్కల మీద. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పాత ఇల్లు అందంగా ఉందనిపిస్తే దాన్ని ఉన్నచోటనే, నిలబడి ఉండగానే, ఇప్పటి కాపురానికి తగ్గట్టు మార్చుకోండి. బాత్రూంలు పెట్టండి, మంచి కిచెన్ పెట్టండి, కావాలంటే ఏసీ కూడా బిగించండి. ముక్కలు మాత్రం కొనకండి. అమ్మకండి.

మా వైపు, అంటే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల పల్లెల్లో పాత సామాను కొనేవాళ్ల మినీ లారీ అప్పుడప్పుడు వస్తుంది. మొదట ఇత్తడి గంగాళాలు, చెక్క పెట్టెలు అడుగుతారు. తర్వాత తలెత్తి దూలాల వైపు చూస్తారు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఒంటరిగా మిగిలిన పెద్దావిడ ముందు నోట్ల కట్ట పెడతారు. మందులకో, మనవరాలి ఫీజుకో ఆమెకు ఆ డబ్బు కావాలి. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అయితే ద్వారబంధం తీసిన తర్వాత పైనున్న గోడ బరువుకు ఆనిక ఉండదు. రెండు వానాకాలాలు చాలు, ముందుగోడ వంగుతుంది. ఒక తలుపు కోసం ఇల్లంతా పోతుంది. తమిళనాడులో చెట్టియార్ల ఇళ్లకూ ఇదే జరిగింది. వాళ్ల ప్రాంతంలోని కారైకుడిలో పాత సామాను అంగళ్లు వీధి వీధంతా ఉన్నాయి, బర్మా టేకు స్తంభాలు అక్కడ వరసగా నిలబెట్టి అమ్ముతారు. అక్కడే కొందరు మాత్రం తమ ఇళ్లను హోటళ్లుగా మార్చి నిలబెట్టుకున్నారు. ఏ దారి మంచిదో ఆ ఊరికి పోయినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కట్టడం నిలబడేది మనిషి మసలినంత కాలమే. 1916లో దత్తమండల కళాశాలగా మొదలైన అనంతపురం ఆర్ట్స్ కాలేజీ ఇంకా బతికుందంటే అందులో పాఠాలు నడుస్తున్నాయి కాబట్టి. ఒక పెంకు జారితే ఎవరో ఒకరు చూస్తారు, ఒక మూల కారితే ఎవరో ఒకరు అరుస్తారు. బనగానపల్లె దగ్గర యాగంటి దారిలో నవాబు బంగళా చూడండి. ఒక సినిమా షూటింగు తర్వాత జనం తండోపతండాలుగా వస్తున్నారు, సెల్ఫీలు తీసుకుంటున్నారు, పోతున్నారు. రాత్రి దీపం పెట్టేవాళ్లు మాత్రం లేరు. చూడ్డానికి వచ్చేవాళ్లు ఎంతమంది ఉన్నా ఇంటికి దిక్కు కాలేరు.

కడప టౌన్లోనే ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. 1820లో ఉద్యోగానికి కడప వచ్చిన సి.పి.బ్రౌన్ తర్వాత ఇక్కడే ఒక బంగళా కొన్నాడు. పండితులను పెట్టుకొని తాళపత్ర ప్రతులు సరిచేయించింది, శుద్ధ ప్రతులు రాయించింది అక్కడే. బ్రౌన్ కాలేజీ అని దానికి పేరుండేది. ఆయన పోయాక ఆ బంగళాను పట్టించుకున్నవాళ్లు లేరు. రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పూనుకొనే నాటికి మిగిలినవి మొండిగోడలే. ఆ చోటనే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది, పరిశోధన కేంద్రం ఉంది. శాస్త్రి గారి పట్టుదలకు ఎన్నిసార్లు దండం పెట్టినా చాలదు. కానీ ఆ మధ్యకాలంలో ఏదో ఒక కుటుంబం అందులో కాపురం ఉండి, కారిన చోట పూత వేసుకుంటూ వచ్చి ఉంటే, వేమన పద్యాలను సరిచూసిన గదిలోనే ఈరోజు మన పిల్లలు కూర్చొని చదువుకొనేవాళ్లు.

ఇల్లు అంటే మనకు చరిత్రలాగా అనిపించదు. కోట అయితే చరిత్ర, గుడి అయితే చరిత్ర. శ్రీశైలం డ్యాం నీళ్లలో ఊళ్లు మునిగినప్పుడు రూపాల సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీద మళ్లీ నిలబెట్టారు. చాలా గొప్ప పని. ఆ ఊళ్లలో మునిగిన ఇళ్లలో ఒక్కదాన్నైనా, ఒక్క మిద్దెనైనా, ఇట్లా ఉండేదని చూపించడానికి తెచ్చి నిలబెట్టినట్టు నేను ఎక్కడా చూడలేదు. జనం చేతికందిన దూలాలు, తలుపులు ఊడదీసుకొని వెళ్లారు. మిగతాది నీళ్లపాలు.

మా సీమ మిద్దె ఎట్లా కట్టేవాళ్లో కొంచెం చెప్పాలి, ఎందుకంటే దాన్ని మార్చాలంటే ముందు అది ఎట్లా నిలబడిందో తెలియాలి. గోడ రెండడుగుల మందం, ముందువైపు అయితే ఇంకా ఎక్కువ. బయట ఒక వరస రాళ్లు, లోపల ఒక వరస రాళ్లు, నడుమ చిల్లరాళ్లు, మట్టి. సిమెంటు చుక్క ఉండదు. ఉన్నవాళ్లయితే సున్నం వాడారు, లేనివాళ్లు ఉత్త బురదమన్నుతోనే పేర్చారు. గోడల మీద, కంబాల (స్తంభాల) మీద దూలాలు. దూలాల మీద అడ్డంగా దంతెలు, అంటే సన్నటి వాసాలు. దంతెల మీద బండలో, కట్టెపుల్లలూ ఈతచాపలో. దాని మీద మట్టి, మట్టి మీద చవుడు. నడిమింట్లో వెలుతురు కోసం, పొగ పోవడానికి పైన గవాక్షి. వాన మొదలైతే ఎవరో ఒకరు మిద్దెక్కి దాన్ని బండతో మూయాలి.

ఆ చవుడు సంగతి నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పొలంలో చవుడు పడితే పైరు రాదు, నీళ్లు ఇంకవు. ఆ నేలలో సోడియం ఎక్కువ. తడవగానే బంకమట్టి రేణువులు చెదిరి సందులన్నీ పూడ్చేస్తాయి, ఇక నీళ్లు కిందికి దిగవు. పొలానికి శాపమైన గుణాన్ని మనవాళ్లు ఇంటి నెత్తిన వరంగా పెట్టుకున్నారు. ఏ కాలేజీలోనూ చదవనివాళ్లు, తొలకరికి ముందు తట్టల్లో చవుడు మోసి మిద్దె మీద పరిచి, చినుకు పడ్డాక తొక్కి గట్టి చేసేవాళ్లు.

ఇక వేడి. మే నెలలో మా వైపు 43, 44 డిగ్రీలు మామూలే. రెండడుగుల రాతిగోడ పగలంతా ఎండ తాగుతుంది, కానీ ఆ వేడి లోపలికి వచ్చేసరికి రాత్రి అవుతుంది, అప్పటికి మనం మిద్దె మీద పడుకొని ఉంటాం. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు సాయంత్రానికే కింద ఉన్నవాళ్ల నెత్తిన వేడి కుమ్మరిస్తుంది. కొత్త ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్లూ మొదటి ఎండాకాలంలోనే ఏసీ కొంటున్నారంటే ఇదే కారణం. అయినా ఇంటి ప్లాను గీయించేటప్పుడు గోడ మందం గురించి అడిగేవాళ్లు నాకు అరుదుగా కనిపించారు. ఎలివేషన్ గురించి మాత్రం నెలల తరబడి మాట్లాడుకుంటారు.

ఇంత చెప్పానని పాత ఇల్లంటే నాకు కళ్లు మూసుకుపోయే ప్రేమ ఉందనుకోవద్దు. పాత ఇల్లు ఎంత అందమో అని ఫొటోలు పెట్టేవాళ్లలో చాలామంది అందులో వంట చేసినవాళ్లు కాదు. మా జేజి (నాయనమ్మ) ఆ వంటింట్లో పొయ్యి ముందు గొంతుక్కూర్చొని జీవితమంతా ఊదింది, ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. వంటింటికి కిటికీ లేదు. మరుగుదొడ్డి లేదు. కడుపుతో ఉన్న కోడళ్లు కూడా తెల్లవారక ముందే చెంబు పట్టుకొని కంపచెట్ల చాటుకు పోవాల్సిందే. స్నానమంటే జాలాడి (నీళ్లు వాడుకొనే చోటు) దగ్గర చీర అడ్డం కట్టుకొని. మిద్దె మీద పరిచే చవుడు ఏటా తట్టల్లో ఎత్తుకొచ్చింది ఎక్కువగా ఆడవాళ్లే. ఆ ఇల్లు వద్దు, అపార్ట్‌మెంటు చాలు అని మా అమ్మ తరం ఆడవాళ్లు అన్నారంటే దానికి కారణం ఉంది. అందుకే మ్యూజియంలాగా ఉన్నదున్నట్టు ఉంచాలనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. అందులో ఒక ఆడమనిషి సుఖంగా కాపురం చేయలేకపోతే ఆ ఇంటిని ఎవరూ నిలబెట్టరు, నిలబెట్టమని అడిగే హక్కు కూడా మనకు లేదు.

మా నాయన వాటాకు వచ్చిన భాగాన్ని బాగుచేయించాలని నేను, మా అన్న అనుకున్నప్పుడు టౌన్ నుంచి ఒక కాంట్రాక్టరును పిలిపించాం. ఆయన గోడ మీద రెండు దెబ్బలు కొట్టి చూసి, "కొట్టేద్దాం అక్కా. ఈ రాళ్లు పునాదికి పనికొస్తాయి, పైన జి ప్లస్ వన్ లేపుకోవచ్చు" అన్నాడు. ఇంకొకాయన ఇంకా ముందుకు పోయాడు. ముందుగోడ, తలుపు ఉంచి, లోపలంతా పిల్లర్లు వేసి స్లాబు పోస్తే హెరిటేజ్ లుక్ వస్తుందన్నాడు. లుక్ కోసమైతే ఒక ఫొటో ఫ్రేము కట్టించుకుంటే సరిపోతుంది.

సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడం మాకు అన్నింటికంటే పెద్ద కష్టం. చివరికి పాత గుళ్ల మరమ్మతుల్లో పనిచేసిన ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన మొదటి రోజు ఏ పనీ చెప్పలేదు. చాలా ఏళ్ల కిందట మా చిన్నాయన పడసాల గోడకు సిమెంటు ప్లాస్టింగ్ చేయించాడు. ఆ ప్లాస్టింగ్‌ను పెద్దాయన ఒక మూల ఉలితో లేపాడు. అట్ట ముక్కలాగా ఊడొచ్చింది. దాని వెనక గోడ తడిగా ఉంది. రాతి మీద తెల్లగా ఉప్పు పూసింది. వేలితో రుద్దితే రాయి పైపొర పొడిపొడిగా రాలింది. పక్కనే సిమెంటు తగలని గోడ ఉంది, సున్నం పూత పాతబడి వెలిసిపోయింది గానీ రాయి గట్టిగా ఉంది. "గోడకు గాలాడాలమ్మా" అన్నాడాయన. "నేలలోంచి చెమ్మ ఎక్కుతాది, సున్నమైతే దాన్ని బయటికి వదుల్తాది. సిమెంటు పూసి నోరు మూసేస్తే ఆ చెమ్మ యాడికి పోవాల?"

పాత కట్టడాలను బాగుచేసేవాళ్లు ఏ దేశంలోనైనా చెప్పే మాట ఇదే. సిమెంటు చెడ్డదని కాదు, కొత్త ఇంటికి అది మంచిదే. మెత్తటి గోడ మీద గట్టి పూత వేస్తే దెబ్బ గోడకు తగులుతుంది, అంతే. అందుకని పాత ప్లాస్టింగ్ అంతా ఊడ్పించాం. కాల్చిన సున్నాన్ని తొట్టిలో నీళ్లు పోసి వారాల తరబడి నాననిచ్చారు. ఇసుక, ఇటుకపొడి కలిపి, కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్లు పోసి రుబ్బారు. వెనకట సున్నం రుబ్బిన గానుగ మా ఊరి చివర ఇంకా ఉంది, దాని కాలవ నిండా చెత్త. మేం మిషన్లోనే రుబ్బించాం. పలుచగా ఒక పొర, అది ఆరాక ఇంకో పొర. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని నెమ్మదిగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. ఆ మార్పుకు టైం ఇవ్వాలి. మా ఎండకు తొందరగా ఆరి పగుళ్లిస్తుందని గోడకు తడి గోనెపట్టాలు వేలాడదీశారు. పనివాళ్లు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వాటిని తడుపుతూనే ఉన్నారు. తొందర ఉన్నవాళ్లకు ఈ పని కుదరదు, ఆ మాట ముందే చెప్పడం మంచిది.

మిద్దె మీద తవ్వితే చవుడు అడుగున్నర మందం పేరుకొని ఉంది. ఏటా పోశారు గానీ పాతది తీయలేదు. ఆ బరువుకు దంతెలు వంగాయి. గోడలో దిగిన చివర్లు కొన్ని చెదలు తినేశాయి. దూలాలు మాత్రం గట్టివే. చవుడంతా దించి, పాడైన దంతెలు మార్చి, మీద బండలు పరిచి, సున్నం కాంక్రీటు వాటంగా వేసి, దాని మీద తెల్ల టైలు ముక్కలు అతికించారు. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, ఇక ఏటా ఎవరూ తట్ట మోయక్కర్లేదు. గవాక్షి మీద గట్టి గాజు పెట్టాం, కానీ అడుగు ఎత్తున లేపి, చుట్టూ జాలీ బిగించాం, వేడిగాలి పైకి పోతుంది, వాన పడదు. ఇప్పుడు ఆ నడిమిల్లే మా ఇంట్లో అందరూ కూర్చొనే చోటు.

బాత్రూంల విషయంలో నేను పట్టుబట్టిన సంగతి ఒకటుంది. నీళ్ల పైపు ఒక్కటి కూడా పాత గోడలోకి పోకూడదు. మట్టితో పేర్చిన గోడలో పైపు కారితే బయటికి కనిపించేసరికి లోపల మట్టి కరిగిపోయి ఉంటుంది. ఎద్దులను కట్టేసిన వెనక కొట్టం చోట విడిగా ఇటుకలతో రెండు బాత్రూంలు కట్టి, చిన్న నడవతో ఇంటికి కలిపాం. మా వదిన అడిగినవన్నీ, గీజరుతో సహా, అందులో ఉన్నాయి. కరెంటు వైర్లకు గోడ చెక్కకుండా దంతెల పక్కనే పైపులు పోనిచ్చాం. వంటింట్లో ఎప్పుడో మూసేసిన పెరటి వాకిలి తెరిచి కిటికీ చేశాం. నిలబడి వండుకొనే గట్టు, చిమ్నీ, ఫ్రిజ్, మిక్సీ, అన్నీ ఉన్నాయి. జేజి దీపం పెట్టిన గూట్లో ఇప్పుడు వైఫై రౌటర్ ఉంది. కొందరికి అది నచ్చలేదు. నాకు నచ్చింది, ఆ గూడు ఇంకా ఇంటికి పనికొస్తూనే ఉంది.

నేల గురించి మాట్లాడితే నాకు ఆవేశం ఆగదు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టూ తవ్విన నల్లటి కడప బండ దేశమంతా పోతుంది. ముంబైలో వంటింటి గట్టుకు కడప్పా వేయించాం అంటారు. బేతంచెర్ల బండలూ అంతే. ఆ క్వారీల పక్క ఊళ్లలోనే జనం కాళ్ల కింది బండలు పగలగొట్టి, గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో వచ్చిన టైల్సు పరుచుకుంటున్నారు. తడిస్తే జారుతాయి, ఎండాకాలం వేడెక్కుతాయి, పదేళ్లకు మోడల్ పాతబడుతుంది. మా ఇంట్లో బండలు ఒక్కటి కూడా పగలగొట్టలేదు. లేపి, నంబర్లు వేసి, కింద నేల సరిచేసి, మళ్లీ పరిచాం. కడిగి పలుచగా కొబ్బరినూనె రుద్దితే అద్దంలా నిగనిగలాడుతున్నాయి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఇది సున్నపురాయి, నిమ్మకాయ, చింతపండు పులుసు పడితే వెంటనే తుడవాలి, లేకపోతే మచ్చ పడుతుంది. యాసిడ్ పోసి కడిగితే రాయి తినేస్తుంది. ఈ ఒక్క మాట తెలియక ఎన్ని ఇళ్లలో మంచి బండలు పాడుచేసుకున్నారో.

బయటి దేశాల్లో పాత కట్టడాలను ఇళ్లుగా మార్చిన కథలు చదువుతుంటే నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది స్పెయిన్‌లోని ఒక సిమెంటు ఫ్యాక్టరీ. రికార్డో బోఫిల్ అనే ఆర్కిటెక్టు 1973లో బార్సిలోనా పక్కన మూతపడ్డ ఫ్యాక్టరీని చూశాడు. ముప్పైకి పైగా సైలోలు (సరుకు నిలవచేసే ఎత్తైన గొట్టాల్లాంటి కట్టడాలు), సొరంగాలు, మెషిన్ల గదులు. కొన్ని భాగాలను పేల్చి తీయించి, ఎనిమిది సైలోలు ఉంచి, ఆఫీసు చేసుకున్నాడు. ఫ్యాక్టరీ పెద్ద హాలులో ఇల్లు పెట్టుకున్నాడు. పైన, చుట్టూ చెట్లు, తీగలు పెంచాడు. 2022లో చనిపోయేదాకా అదే ఆయన ఇల్లు, పని చేసుకొనే చోటు. చిలంకూరు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము పీల్చి పెరిగిన నాకు ఆ కథ ఊరికే పోదు. దుమ్ము, రొద తప్ప ఇంకేమీ కాని చోటును కూడా ఒక మనిషి బతికే చోటుగా చేశాడంటే, మనుషులు బతకడానికే కట్టిన మిద్దెను వదులుకోవడానికి మనం చెప్పే సాకులు నిలబడవు.

వియన్నాలో కథ వేరు. అక్కడ 1890ల చివర్లో నాలుగు భారీ గ్యాస్ ట్యాంకులు కట్టారు. 1984లో వాటి వాడకం ఆగిపోయింది. 2001 నాటికి గుండ్రటి ఇటుక గోడలు ఉంచి, లోపల కొత్తగా ఫ్లాట్లు కట్టారు. అది నాకు సబబుగానే ఉంది, ఎందుకంటే గ్యాస్ ట్యాంకుకు లోపల ఉంచుకోవాల్సింది ఏదీ లేదు. మిద్దె అట్లా కాదు. దాని విలువంతా లోపలే ఉంది, దూలంలో, గవాక్షిలో, గోడ మందంలో. ముఖం ఉంచి కడుపు తీసేసే పద్ధతి ఇంటికి పనికిరాదు. ఇంగ్లండులో కాపాడాల్సిన కట్టడాల జాబితాకెక్కిన పాత ఇంటిలో అనుమతి లేకుండా లోపలి గోడలు, మెట్లు మార్చినా నేరమే. అంత కట్టుదిట్టం ఇక్కడ కావాలని నేను అనను, మనవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగలేక ఇల్లే పడగొట్టేస్తారు.

మన చట్టం కాపాడేది స్మారక కట్టడాలను. 1958 నాటి కేంద్ర చట్టానికి 2010లో సవరణ చేశారు, రక్షిత కట్టడానికి వంద మీటర్లలోపు కొత్త నిర్మాణం కుదరదు, ఆ తర్వాత రెండు వందల మీటర్ల దాకా అనుమతితో చేయాలి. సిద్ధవటంలో, గండికోటలో ఉండేవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. గండికోట కోట లోపలే ఊరుంది, మనుషులు కాపురాలు చేస్తున్నారు, మరమ్మతుకు కూడా అనుమతి అడగాలి. కోట నుంచి కొంత దూరం వస్తే చట్టం కనిపించదు, నూటయాభై ఏళ్ల ఇంటిని ఒక్క పూటలో జేసీబీతో నేలమట్టం చేసినా అడిగేవాళ్లు లేరు. నడిమార్గం ఒకటి కావాలి. గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లు ఉన్నారు. ప్రతి ఊళ్లో నిలబడి ఉన్న పాత మిద్దెలను ఫొటోలు తీసి, కొలతలతో రాసిపెట్టే పని వాళ్లకు అప్పగించవచ్చు. సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీల దగ్గర పదిమంది కుర్రాళ్లకు కూలి ఇచ్చి పని నేర్పించవచ్చు. ఇవి కోట్లు అడిగే పనులు కావు. ఇంకొన్నేళ్లు పోతే నేర్పేవాళ్లే ఉండరు.

డబ్బు దగ్గరికొస్తే, మాకు అదే విస్తీర్ణంలో కొత్త ఇల్లు కట్టడానికి అయ్యేదానిలో సగానికి కొంచెం ఎక్కువ ఖర్చయింది. అందులో ఎక్కువ భాగం కూలికే, మెటీరియల్‌కు కాదు. ఆ డబ్బు మా చుట్టుపక్కల ఊళ్ల మనుషుల చేతుల్లోకే పోయింది. లోను మాత్రం దొరకలేదు. ఇది గ్రామకంఠం, అంటే ఊళ్లో ఇళ్లకు వదిలిన స్థలమని, పక్కా కాగితాలు లేవని, కూలగొట్టి కడితే చూద్దామని బ్యాంకువాళ్లు చెప్పారు. 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో ఊళ్లోని ఇళ్లకు ఆస్తి కార్డులు ఇస్తున్నారు కాబట్టి ఈ చిక్కు ముందు ముందు తగ్గుతుందనుకుంటున్నా. మరమ్మతుకు కూడా కొత్త ఇంటికి ఇచ్చినట్టే లోను ఇవ్వాలి, ఆ మాట గట్టిగా అడగాల్సినవాళ్లం మనమే.

పాత ఇళ్లు కూలి జనం చనిపోతున్నారు కదా అని నన్ను అడిగేవాళ్లున్నారు. నిజమే, ప్రతి ముసురులోనూ ఆ వార్త వస్తుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడు మట్టిగోడలు ఎట్లా కరిగాయో చూసినవాళ్లకు ఆ భయం పోదు. నీళ్లలో నానే చోట ఉన్న ఇంటిని, గోడ ఉబ్బి నిట్టనిలువునా చీలిన ఇంటిని ఉంచమని నేను ఎప్పుడూ చెప్పను. అందులోంచి మనుషులను ముందు బయటికి తేవాలి. కానీ కూలే ఇళ్లలో చాలా భాగం ముసలివి కాబట్టి కూలడం లేదు. తాళం వేసి, మిద్దె మీద మొలిచిన రావిమొక్కను పీకేవాళ్లు లేక, తూము పూడిపోయి నీళ్లు నిలిచి కూలుతున్నాయి. ఇంజనీరుతో చూపించుకొని పని మొదలుపెట్టండి. కానీ పాత కట్టడాల పని తెలిసినవాళ్లతోనే చూపించండి, అది ముఖ్యం.

అసలు అడ్డం మాత్రం డబ్బు కాదు, చట్టం కాదు, వాటాలు. మా మిద్దె ముగ్గురన్నదమ్ములది. పడసాల నడిమధ్యన, రెండు కంబాల మధ్య, పంపకాలప్పుడు కట్టిన నాలుగంగుళాల ఇటుక గోడ ఉంది. మా పెద్దనాయన భాగం ఏళ్లుగా తాళం వేసి ఉంది. మేం మా వైపు ఎంత బాగుచేసినా అటువైపు మిద్దె కారితే ఆ చెమ్మ మా గోడలోకే వస్తుంది. దూలం ఒకటే, వాటా పేరుతో సగం దూలాన్ని బాగుచేయలేం. మా పెద్దనాయన కొడుకులతో మాట్లాడుతున్నాం. అమ్మితే వచ్చేది తలా కొంచెం, ఉంచితే పండక్కి అందరం దిగే ఇల్లు. పెద్దన్న ఒప్పుకున్నాడు, చిన్నన్న తలుపుకు ఎంతిస్తారో కనుక్కుంటున్నాడు.

మీ దగ్గరా ఇట్లాంటి ఇంటి తాళంచెవి ఉంటే, ఈ తొలకరికి ముందు ఒకసారి ఊరికి పోండి. మిద్దెక్కి మొలిచిన మొక్కలు వేళ్లతో సహా పీకించండి. తూములు శుభ్రం చేయించండి. నీళ్లు నిలిచే పల్లం ఉంటే పూడ్పించండి. గోడలో దిగిన చోట ప్రతి దంతెను మేకుతో గుచ్చి చూడండి, మెత్తగా దిగితే దాని కింద ఒక గుంజ ఆనించండి. మినీ లారీవాడు వస్తే, అన్నదమ్ములు కలిసి మాట్లాడుకున్నాకే చెబుతామనండి. ఇదంతా ఇద్దరు కూలీలతో రెండు రోజుల పని. ఈ వానాకాలం గట్టెక్కితే మిగతాది దసరాకు అందరూ వచ్చినప్పుడు కూర్చొని మాట్లాడుకోవచ్చు.